కినాసి బతికే ఉంది

మలాంగ్ ఊళ్లో మోటారు సైకిలు సీటు చిరిగితే మర్సూదీ దగ్గరికే పోవాలి. అతను వేసిన కుట్టు ఊడదు, అతని నోరు ఊరుకోదు. అంగడి వెనక గదిలో, రెక్సిన్ చుట్టల పక్కన, ఒక ఇనప బీరువా ఉంది. అందులో డబ్బుందనుకుని ఓసారి ఎవడో దొంగ తాళం పగలగొట్టాడు. లోపల చూసి, ఒక్కటీ ముట్టుకోకుండా, తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్లిపోయాడు. లోపలున్నవి లాజువర్ది పుస్తకాలు.

లాజువర్ది ఎవరో ఇప్పటి పిల్లలకి తెలియదు. మర్సూదీ నిక్కర్లు తొడిగే రోజుల్లో మాత్రం ఊరంతటికీ తెలుసు. అంతరిక్ష నౌకలు, గ్రహాల మధ్య తగాదాలు, మనుషుల కన్నా మర్యాదగా మాట్లాడే యంత్రాలు. అరచేతిలో పట్టే సన్నటి పుస్తకాలుగా నెలనెలా వచ్చేవి. వాటిని కొనేవాళ్లు తక్కువ, అద్దెకి తెచ్చుకునేవాళ్లే అంతా. అప్పట్లో వీధికొక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. చేతులు మారి మారి, నూనె అంటి, పులుసు ఒలికి, వానకి నాని ఆ పుస్తకాలు చాలావరకు పొట్లాల కాగితాలైపోయాయి. మిగిలిన కాసిని కాపీల కోసం ఇప్పుడు పెద్ద చదువులవాళ్లు పోట్లాడుకుంటున్నారు. ఆ మనిషి బతికుండగా ఒక్క కప్పు కాఫీ ఇప్పించిన పుణ్యాత్ముడు వాళ్లలో ఒక్కడూ లేడు.

ఊళ్లో ఆ పుస్తకాలు పోగుచేసేవాళ్లంతా ఆదివారం పొద్దున పాత పుస్తకాల బజారు వెనక కాఫీ బడ్డీలో చేరతారు. అందరిలోకీ గొప్పవాడు కోహ్ లియాంగ్, రంగుల దుకాణం యజమాని. అతని పుస్తకాలన్నీ ప్లాస్టిక్ తొడుగుల్లో ఉంటాయి. తొడుగు అంచులు వేడి పెట్టి అతికించేస్తాడు. ఇక వాటిని తెరవడు. తెరిస్తే వెన్ను విరుగుతుంది, విలువ పోతుంది. "చిన్నప్పుడు చదివేశాను కదా, ఇప్పుడు చూసుకుంటే చాలు" అంటాడు. మర్సూదీ దానికి పూర్తిగా వ్యతిరేకం. తన పుస్తకాలకి సీటు రెక్సిన్‌తో అట్టలు వేసి, అన్నం తింటూ కూడా చదువుతాడు.

"నీ బీరువా తెరిస్తే పుస్తకాలున్నట్టు లేదయ్యా, మోటారు సైకిళ్ల షెడ్డులా ఉంది" అనేవాడు కోహ్ లియాంగ్.

"నీ బీరువా తెరిస్తే శవాల గదిలా ఉంది కోహ్. అందర్నీ కవర్లలో చుట్టి పడుకోబెట్టావు" అనేవాడు మర్సూదీ.

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒక ఆదివారం ఒకడు రాకపోతే రెండోవాడికి కాఫీ దిగదు.

వీళ్లిద్దరి తగువూ ఒక ఆడపిల్ల గురించి. 'చంద్రుడి మీద దీపస్తంభం' అని లాజువర్ది ఇరవై నాలుగు భాగాలు రాశాడు. అందులో కినాసి అనే పిల్ల చంద్రుడి మీద ఒంటరిగా ఉండి, దారి తప్పిన నౌకలకి దీపం చూపిస్తుంటుంది. ఆఖరి భాగంలో సూర్యుడి వైపు కొట్టుకుపోతున్న ఒక నౌకని కాపాడటానికి దీపం వదిలి తనే బయల్దేరుతుంది. తర్వాత ఏమైంది? కాలిపోయింది అంటాడు కోహ్ లియాంగ్. తిరిగొచ్చింది అంటాడు మర్సూదీ. ఇద్దరూ చిన్నప్పుడు చదివినవాళ్లే, వేరువేరు వీధుల్లో, వేరువేరు అద్దె కొట్లలో. ఇద్దరి దగ్గరా ఇరవై మూడు భాగాలున్నాయి. ఆఖరిది మాత్రం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. అది అచ్చయ్యేసరికి ప్రెస్సు మూతపడే స్థితికి వచ్చింది, కాసిని కాపీలే బయటికొచ్చాయి.

కిందటేడు ఒక ఆదివారం మాటా మాటా పెరిగి పందెం వేసుకున్నారు. ఆఖరి భాగం దొరికిన రోజున, ఎవరి మాట తప్పైతే వాళ్లు తమ ఇరవై మూడు భాగాలూ అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలి. బడ్డీ పెద్ద దిక్కు వుర్యానీ టీచరమ్మ సాక్షి. ఆవిడ భూగోళం చెప్పి రిటైరైంది. ఇప్పటికీ అందరూ ఆవిడ ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు.

పందెం వేసిన రోజు మర్సూదీకి భయం లేదు. ఆ పేజీ కళ్లకి కట్టినట్టు గుర్తుంది. బడి మానేసి నాన్న మిషను దగ్గర కూర్చున్న ఏడాది అది. కూడికలు మర్చిపోయాడు, పటాలు మర్చిపోయాడు, కినాసి తిరిగొచ్చిన వాన మాత్రం మర్చిపోలేదు. ఆ ఇరవై మూడు భాగాల కోసం ఎన్ని సీట్లు ఊరికే కుట్టిచ్చాడో, ఎంతమంది మిడిసిపాటు భరించాడో అతనికే తెలుసు. అతను భరించడమంటే చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆఖరి భాగం దొరికింది.

చనిపోయిన ప్రెస్సు కార్మికుడి ఇంటి సామాను బజారుకొస్తే, వుర్యానీ టీచరమ్మ అందులో పట్టింది. ఒక్క చెయ్యి కూడా పడని కాపీ. ఆదివారం బడ్డీలో అందరూ మూగారు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, ఆఖరి పేజీ తీసి, పాఠం చెప్పే గొంతుతో చదివింది. నౌక దారి మళ్లింది. కినాసి మళ్లలేదు. సూర్యుడు పెద్దవాడయ్యాడు, ఇంకా పెద్దవాడయ్యాడు, చివరికి సూర్యుడు తప్ప ఏమీ మిగల్లేదు. సమాప్తం.

మర్సూదీ పుస్తకం లాక్కుని తనే చదివాడు. వెనక పేజీ తిప్పాడు. అక్కడ పళ్లపొడి ప్రకటన ఉంది.

"ఇంకో పేజీ ఉండాలి" అన్నాడు.

"ఉంది కదయ్యా, పళ్లపొడి. తోముకో" అన్నాడు కోహ్ లియాంగ్. బడ్డీ గొల్లుమంది. "వచ్చే ఆదివారం పెట్టెలతో రా. ఆ రెక్సిన్ అట్టలు మాత్రం వొలిచి నువ్వే ఉంచుకో. నా ఇంట్లో ఆ వాసన పడదు."

మర్సూదీ ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. భార్య సుమార్ని అన్నం వడ్డిస్తూ, "ఆ పిల్ల పోయిందటగా" అంది, దగ్గరి చుట్టం పోయినట్టు.

"పోలేదు. నేను చదివాను. వాన పడుతుంటే బ్రాంతాస్ ఏటి గట్టు మీద దిగింది. ఒళ్లంతా తడిసింది. అక్కడ బక్సో బండి ఉంది. బండివాడితో, సేమ్యా వద్దు, పులుసు ఎక్కువ పొయ్యి, మాంసపుండలు రెండు ఎక్కువ వెయ్యి అంది."

"చంద్రుడి మీద నించి వచ్చి బక్సో అడిగిందా?"

"ఇంకేం అడగాలే? ఆకలేసి వచ్చింది!"

"సరేలే, అరవకు. నేనేమీ చంపలేదు" అంది సుమార్ని. మారు వడ్డిస్తూ, "అచ్చులో ఉందా, ఎవరైనా చెబితే విన్నావా?" అని అడిగింది.

మర్సూదీ చేతిలో ముద్ద ఆగింది. అచ్చులో లేదు. ఆ ఆకు చేతిరాత. ఊదా సిరా. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా వింతగా తోచలేదు. ఎందుకు తోస్తుంది? అద్దె పుస్తకంలో ఆకు ఊడిపోతే కొట్టువాళ్లు పక్క వీధి కొట్లోంచి ఇంకో కాపీ తెచ్చి, ఊడిన ఆకుని చేత్తో ఎత్తి రాసి అతికించేవాళ్లు. పిల్లలకి అచ్చూ ఒకటే, చేతిరాతా ఒకటే. కథ సాగిందా లేదా, అంతే.

అంటే తను పుస్తకాలు తెచ్చుకున్న కొట్టు నడిపిన కాస్మి అవ్వ దాన్ని ఏదో కాపీ చూసి రాసుండాలి. చూసి రాసిందంటే ఆ కాపీ అచ్చయి ఉండాలి. లాజువర్ది మొదట ఒకలా ముగించి, తర్వాత మనసు మార్చుకుని మళ్లీ అచ్చు వేయించాడేమో! మర్సూదీ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

"అన్నం?" అంది సుమార్ని.

"కినాసి వచ్చాక తింటాను."

కాస్మి అవ్వ అద్దె కొట్టు మూసి ఎన్నో ఏళ్లయింది. రైలు పట్టాల అవతల మనవరాలింట్లో ఉంటోంది. మర్సూదీ వెళ్లేసరికి వరండాలో పీట మీద కూర్చుని, వేయించిన సోయా టెంపే ముక్కలు సంచుల్లో నింపుతోంది. అతన్ని కిందా మీదా చూసింది.

"సీట్లు కుట్టే సుగిటో కొడుకువి కదూ? పుస్తకం చదివేటప్పుడు వేలు తడి చేసి పేజీలు తిప్పేవాడివి. ఎన్నిసార్లు మొట్టానో."

"ఆ మర్సూదీనే అవ్వా. నీతో ఒక పని పడింది. దీపస్తంభం ఆఖరి భాగం గుర్తుందా? అందులో ఆఖరి ఆకు నువ్వు ఊదా సిరాతో రాశావు. ఏ కాపీ చూసి రాశావు?"

"చూసి రాయడమేమిటి? నేనే రాశాను."

"నువ్వే రాశావు, సరే. ఎక్కడ చూసి?"

"ఎక్కడా చూడలేదురా. నేనే రాశాను!" అవ్వ సంచీ మూతి ముడి వేసి పక్కన పెట్టింది. "ఆ పుస్తకం వచ్చిన రోజు మంగలి కర్మాన్ పెళ్లాం పట్టుకెళ్లింది. చదివి ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయింది. వాడొచ్చి నా మీద పడ్డాడు. మర్నాడు టైలర్ల కుర్రాళ్లు నలుగురు చదివి, బల్ల మీద విసిరికొట్టి, ఇహ ఈయన పుస్తకాలు మాకొద్దు అన్నారు. ఆ మహానుభావుడు పిల్లని సూర్యుడిలో పడేసి చేతులు దులుపుకున్నాడు. కొట్టు నడపాల్సింది నేను కదా? ఇరవై మూడు భాగాలు అద్దెకి తిరిగిన పిల్లరా అది, ఇంటి పిల్లలాంటిది. ఆ ఆకు చింపి పొయ్యిలో పెట్టాను. కూర్చుని ఇంకోటి రాశాను."

మర్సూదీ అడిగాడు, "మరి ఆ బక్సో?"

"ఆ వేళ నాకు ఆకలిగా ఉంది నాయనా."

అతనికి కోపం రావాలి. కోపం అతనికి పిలవకపోయినా వచ్చే చుట్టం. ఈసారి రాలేదు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చి, వరండా మెట్టు మీద చతికిలబడ్డాడు. ఒక మనిషికి అయిదు సీట్లు, ఇంకో మనిషికి పది సీట్లు, ఇన్నేళ్ల దెబ్బలాట. అంతా లాజువర్ది మాట కోసం అనుకున్నాడు. తీరా చూస్తే ఆకలేసిన అవ్వ మాట.

"నవ్వుతావేంరా? బాగా రాయలేదా?"

"నీ మూలంగా నా పుస్తకాలన్నీ పోతున్నాయి అవ్వా" అని పందెం సంగతంతా చెప్పాడు.

అవ్వ లోపలికి వెళ్లి రేకు పెట్టె తెరిచింది. కొట్టు సరుకంతా కాటాకి వేసినా ఓ గుప్పెడు పుస్తకాలు ఉంచుకుంది. అందులోంచి ఆ ఆఖరి భాగం తీసింది. గోనెదారంతో కుట్టిన దళసరి అట్ట, రెండు పేజీలకొకసారి కొట్టు ముద్ర, చివర్న ఊదా సిరా ఆకు. మర్సూదీ చదివాడు. వాన అలాగే ఉంది. ఏటి గట్టూ అలాగే ఉంది.

"ఇది నాకమ్ము అవ్వా."

"అమ్మను. అద్దెకి తీసుకుపో. ఆదివారం తెచ్చివ్వాలి. నలిపావంటే చూడు."

"నువ్వే ఆకు చింపావు కదా!"

"నా పుస్తకం, నా ఇష్టం. అయినా ఎందుకులే, నేనే వస్తాను ఆదివారం. నా పాత గిరాకీ ఎంతమంది బతికున్నారో చూడొద్దూ?"

ఆదివారం రిక్షాలో ముందు పుస్తకాల పెట్టెలు, పెట్టెల మీద కాస్మి అవ్వ, వెనక సైకిలు మీద మర్సూదీ వచ్చారు. రెక్సిన్ అట్టలు తీయలేదు. వాసన పడదన్నవాడు పీల్చాల్సిందే అనుకున్నాడు. పెట్టెలు బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు: "ఓడిపోయాను. రాసినవాడు చంపేశాడు. ఈవిడ బతికించింది."

అద్దె పుస్తకం చేతులు మారింది. వుర్యానీ టీచరమ్మ ఊదా సిరా ఆకు పైకి చదువుతుంటే, "మాంసపుండలు రెండు ఎక్కువ" దగ్గరికొచ్చేసరికి ఆవిడకే గొంతులో నవ్వు అడ్డం పడింది. బడ్డీవాడు పొయ్యి వదిలేసి వచ్చి విన్నాడు.

"తీర్పు తీర్పే" అంది ఆవిడ కళ్లు తుడుచుకుని. "పందెం రచయిత మాట మీద. కోహ్ లియాంగ్ గెలిచాడు."

కోహ్ లియాంగ్ అందరికన్నా పెద్దగా నవ్వుతూ పుస్తకం అందుకున్నాడు. "ఒరేయ్ మర్సూదీ, బక్సో తినడానికి చంద్రుడి నించి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆకుని వెలుతురుకి తిప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"అవ్వా," అన్నాడు మెల్లిగా, "ఇలాంటివి ఎన్ని రాశావు?"

"ఎవరు గుర్తు పెట్టుకుంటారు? కథలో ఎవరు చస్తే వాళ్లకి రాశాను. నువ్వు రంగుల దుకాణం వాళ్ల బొద్దు పిల్లాడివి కదూ? మీ వీధిలో కొట్టుండగా కొత్త పుస్తకాలు ముందొస్తాయని అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చేవాడివి."

"కుక్క ఒకటి ఉండాలి. శనిగ్రహం దగ్గర నౌకలో వదిలేస్తారు. మచ్చల కుక్క."

"ఏమో నాయనా, ఉండే ఉంటుంది."

"అది ఇంటికొస్తుంది" అన్నాడు కోహ్ లియాంగ్. నవ్వు ఎప్పుడో పోయింది. "ఆ పేజీ కూడా ఊదా సిరా."

ఆ పుస్తకం కోహ్ లియాంగ్ దగ్గర ఉందని అందరికీ తెలుసు. జకార్తా నించి వచ్చి అడిగినా ఇవ్వలేదు. ప్లాస్టిక్‌లో అతికించి, ఏళ్ల తరబడి తెరవకుండా దాచాడు. దుకాణంలో పెంచిన ప్రతి కుక్కకీ ఆ కుక్క పేరే పెట్టాడు.

అతను మర్సూదీ వైపు తిరిగాడు. "నీ కాపీ నువ్వు తెరిచావు. చదివావు. కుక్క ఏమైంది?"

మర్సూదీ చదివాడు. అది అద్దె కొట్లో చదవలేదు, పెద్దయ్యాకే కొని చదివాడు. అచ్చులో ఆ కుక్క తలుపు గీరుతూ గీరుతూ చచ్చిపోతుంది. అది చదివిన రోజు ఒక సీటు కుట్టు వంకర పోయింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. షెడ్డన్నందుకు, పళ్లపొడి అన్నందుకు, అన్నిటికీ కలిపి ఒక్క మాట. నాలుక చివర సిద్ధంగా ఉంది.

"వచ్చింది కోహ్" అన్నాడు. "తోక ఊపుకుంటూ వచ్చింది."

కోహ్ లియాంగ్ అతని మొహంలోకి చూశాడు.

"చచ్చిందన్నమాట" అన్నాడు.

"వచ్చిందని చెబుతున్నాను కదా!"

"నాతో ఇంత మర్యాదగా నువ్వెప్పుడైనా మాట్లాడావా?"

మర్సూదీ దొరికిపోయాడు. అవ్వే మధ్యలోకి వచ్చింది. "అచ్చులో చచ్చిందేమో నాయనా. నా కొట్లో మాత్రం ఒక్క ప్రాణి కూడా చావలేదు."

కోహ్ లియాంగ్ బల్ల మీద పెట్టెల్ని చూశాడు. ఇరవై మూడు భాగాలు, చేతికందే దూరంలో. వాటి మీద చెయ్యి వేశాడు, తీశాడు. లెక్క కష్టమైనదేమీ కాదు. రాసినవాడి మాటే మాటైతే పెట్టెలు తనవి. రాసినవాడి మాటే మాటైతే కుక్క తలుపు దగ్గరే ఉండిపోతుంది.

"పెట్టెలు తీసుకుపో" అన్నాడు.

"ఏం, జాలి పడుతున్నావా? నీ జాలి నాకక్కర్లేదు" అన్నాడు మర్సూదీ వెంటనే.

"నీ మీద జాలేమిటి? అద్దంలో చూసుకున్నావా? పిల్ల వచ్చింది. వానలో వచ్చింది, బక్సో తింది. కినాసి బతికే ఉంది. ఇంకా ఏం కావాలి నీకు?"

"అలాగైతే నా మాటే నిజం. పందెం నేను గెలిచాను. నీ పెట్టెలేవి?"

బడ్డీ అంతా ఒక్కసారి లేచింది. "నీ ఆశ తగలెయ్య!" అని కోహ్ లియాంగ్ అరిచాడు. "ఒప్పుకున్నావా లేదా అందరి ముందూ!" అని మర్సూదీ అరిచాడు. వుర్యానీ టీచరమ్మ చెంచాతో గ్లాసు మీద కొట్టింది. పందెం చెల్లదు, ఎవరి పుస్తకాలు వాళ్లవే, ఇంకోసారి ఈ బడ్డీలో పందెం అన్నవాణ్ణి గుంజీలు తీయిస్తాను అంది. ఇద్దరూ కూర్చున్నారు. మర్సూదీ పెట్టెల మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు, అవి మళ్లీ ఎవరూ అడక్కుండా.

ఈ గోలలో అవ్వకి ఎవరో బక్సో గిన్నె తెచ్చిపెట్టారు. ఆవిడ పులుసు ఊదుకుంటూ కోహ్ లియాంగ్‌ని మోచేత్తో పొడిచింది.

"ఏమబ్బాయ్, ఇంతకీ ఆ కుక్క అంత దూరం నించి ఎలా వచ్చింది? నేనేం రాశానో నాకొక్క ముక్క గుర్తు లేదు."

కోహ్ లియాంగ్ ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. శని చుట్టూ ఉన్న మంచుముక్కల మీద ఒకదాని మీద నించి ఇంకోదాని మీదికి ఎలా దూకిందో చెప్పాడు. తోకచుక్క వెనకాల దాని వేడిలో ఎలా పరిగెత్తిందో చెప్పాడు. ఊరి చివర దిగితే వీధి కుక్కలు దాన్ని గుర్తుపట్టక ఎలా తరిమాయో చెప్పేటప్పటికి చేతులు కూడా ఊపుతున్నాడు. మర్సూదీ కాఫీ చల్లారిపోతోంది, తాగలేదు.

అవ్వ చెంచా గిన్నెలో వదిలేసి ముందుకు వంగింది.

"అయ్యో, తరిమేశాయా! తర్వాతేమైంది?"